ఫుల్ ట్యాంకు మీద ఎంత దూరం

కారు గురించి మాట్లాడుతూ ఎవరైనా "ఎంత మైలేజీ ఇస్తుందండీ?" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. లేచి లోపలికి వెళ్లిపోతాను. పొగరనుకుంటారు, అనుకోనీ.

ఎనభైల్లో మా ఆయన పాత బంగళావాళ్ల దగ్గర టాపు లేని ఎర్ర కారు ఒకటి కొన్నారు. రేసు కారట! నూజివీడంతా నోరెళ్లబెట్టి చూసింది. రెండే సీట్లు. పిల్లల్లేని మాకు సరిగ్గా సరిపోయిందని తోటికోడలు మూతి తిప్పింది. పెట్రోలు ముల్లు పనిచేసేది కాదు. ఆయన పొడుగాటి వేపపుల్ల ట్యాంకులోకి దించి, తడి ఎంతవరకుందో చూసుకుని మురిసిపోయేవారు. ఫుల్ ట్యాంకు మీద ఎంత దూరం పోతుందన్నదే ఇంట్లో రోజూ రచ్చ. రాజమండ్రి అని ఒకరు, విశాఖపట్నమని ఒకరు.

మామిడి కోతలప్పుడు ఒకరోజు పొద్దున్నే ట్యాంకు గొంతు దాకా కొట్టించుకొచ్చారు.

"ఇవాళ తేల్చేస్తానే. ఆగిపోయేదాకా పోతా."

"సంబడమే! ముందు నాకు చెట్టున పండిన చిన్నరసం ఒక్కటి తెచ్చిపెట్టండి. అప్పుడు ఊరేగుదురుగాని."

ఊరికే అన్నాను. రెడ్డిగూడెం దగ్గరున్న మా తోటను పూత మీదే గుత్తకిచ్చేశాం. అలా ఇచ్చాక కోతలయ్యేదాకా యజమాని అందులో అడుగుపెట్టడు. కాయ కోసం వచ్చాడంటే తల కొట్టేసినట్టే. మా ఇంటి మగవాళ్లకు ఆ పట్టింపు మరీ ఎక్కువ. ఆయన నవ్వి కారెక్కారు.

రాత్రికి రాలేదు. మర్నాడు పొద్దుటికీ రాలేదు.

ఆయన అన్నగారు, మా బావగారు, అరుగు మీద కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. "ఫుల్ ట్యాంకు కదమ్మా, ఎక్కడికైనా పోయుండొచ్చు." ఏలూరికి ఒక మనిషి, బెజవాడకి ఒక మనిషి, విశాఖలో చుట్టాలకి ట్రంక్ కాల్. తోటికోడలు పక్కింటావిడతో, నాకు వినబడేట్టే, "పిల్లల్లేని సంసారం, ఎన్నాళ్లని పట్టుకు వేలాడతాడు పాపం!" అంది. ఆవిడ నోరు పడిపోను! కానీ ఆ మాట నాలోనూ దూరింది. నన్నొదిలేసి పోయారా? బీరువా తెరిచి చూశాను. చొక్కాలన్నీ ఉన్నాయి. అయినా మనసు నిలవలేదు.

మధ్యాహ్నం, గుత్తదారు మా తోటలో కాపలా పెట్టిన ముసలాయన రొప్పుతూ వచ్చాడు.

"అమ్మగారూ, అయ్యగారు తోటలో ఉన్నారండి, కారులోనే. లేపితే లేవట్లేదండి."

తోట చివర కంచె పక్కన ఉంది కారు. ఆయన సీట్లో వెనక్కి వాలి ఉన్నారు. చెయ్యి గుండె మీదే ఉండిపోయింది. నా సీట్లో తువ్వాలు పరిచి, అందులో చిన్నరసాలు. చెట్టున పండినవే. చీమలు పట్టేశాయి. గుండెపోటన్నాడు డాక్టరు. బావగారు ఏం చెయ్యాలో తోచక, ఆ వేపపుల్ల తీసి ట్యాంకులో ముంచారు. పైదాకా తడే.

"నిన్ననే చూశానండి," ముసలాయన ఏడుస్తున్నాడు. "గుత్తకిచ్చిన తోటలో కాయ కోసుకుంటూ నా కంట పడ్డారంటే అయ్యగారికి ఎంత నామర్దా అండి! అందుకే చూడనట్టు అవతలికెళ్లిపోయానండి. హారన్ కొట్టారండి, ఆగి ఆగి. నన్ను పొమ్మంటున్నారేమోనని ఇంకా దూరం పోయానండి."

తిట్టిపోద్దామని నోరు తెరిచాను. ఏమని తిట్టను? మా పరువు కాపాడాడు మరి ఆ ముసలాయన.

ఆ హారన్ మోగినప్పుడు నేనక్కడ లేను. అయినా ఎండాకాలం మధ్యాహ్నాలు, తలుపులు వేసుకుని పడుకుంటే, వినబడుతుంది. ఆగి ఆగి. లేచి గేటు దాకా వెళతాను. ఎవరూ ఉండరు.

కొన్నాళ్లకు కారు చూడ్డానికి చాట్రాయి నుంచి ఒకాయన వచ్చాడు. చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, "ఫుల్ ట్యాంకు మీద ఎంత దూరం పోద్దండీ?" అని అడిగాడు. బావగారు తల దించుకున్నారు.

"మా తోట దాకానండీ," అన్నాను.