ఎర్ర ఇసుకలో బొగ్గు

నీళ్ల ట్యాంకు దగ్గర ఫిల్టర్లు చూసే ఆవిణ్ణి అందరూ ఇసుకక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని తుప్పు పూత పట్టిన ఎర్ర ఇసుకను కడిగి తొట్లలో పరచడం. బోరు నీళ్లలోని ఆర్సెనిక్ అనే విషాన్ని ఆ తుప్పే పట్టి ఉంచుతుంది.

కొత్త ఇంజనీరు, నీళ్లు వాసనొస్తున్నాయని ఆ ఇసుకలోనే బొగ్గుపొడి కలపమన్నాడు.

"వేరే తొట్టిలో వేద్దాం సార్. ఓసారి బొగ్గు ఒలికినచోట ఇసుక ఎరుపంతా పోయి బూడిదరంగుకి తిరిగింది."

"ఎంతవరకు చదివావు?"

"ఏడు."

"అయితే పార పట్టుకో."

ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. అయినా కలిపింది. కలిపినందుకు తన మీద తనకే మంట.

మూడు వారాలకు కుళాయిలో తేటగా వచ్చిన నీళ్లు బిందెలో కాసేపుంటే ఎర్రబారడం మొదలైంది. ఆమె తొట్టి అడుగు నీళ్లు సీసాలో పట్టి నీళ్ల పరీక్షల గదిలో పనిచేసే అమ్మాయికిచ్చింది. మర్నాడు ఆ పిల్ల ఫలితం కాగితం పట్టుకొచ్చింది.

"అక్కా, ఆర్సెనిక్ బయటికొస్తోంది. గాలి తగలని అడుగున సూక్ష్మజీవులు ఎలక్ట్రాన్లు వదిలించుకోవాలని చూస్తుంటాయి. బొగ్గు ఆ ఎలక్ట్రాన్లను అందుకుని తుప్పుకిచ్చేస్తుంది. అవి చేరగానే తుప్పు నీళ్లలో కరిగిపోతుంది. పట్టుకున్న విషాన్నీ వదిలేస్తుంది."

కాగితం చూసిన ఇంజనీరు, "ఇసుక సరిగ్గా కడిగుండవు" అన్నాడు.

ఇసుకక్క నేరుగా వెళ్లి ఊళ్లోకి నీళ్లు వదిలే పెద్ద వాల్వు కట్టేసి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసింది. ఇంజనీరు వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీండి. మా తోడికోడలి పిల్లలు తాగేదీ ఈ నీళ్లే. నా చేత్తో మళ్లీ తిప్పను."

నాలుగు రోజులు ట్యాంకర్లతో నీళ్లు తోలారు. పై ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు మళ్లీ పరీక్ష చేయించి, బొగ్గు కలిసిన ఇసుకంతా తవ్వించి పారేయించారు. లోపాన్ని తానే కనిపెట్టానని ఇంజనీరు నివేదిక రాసుకున్నాడు. అనుమతి లేకుండా వాల్వు కట్టినందుకు ఇసుకక్కకు మెమో వచ్చింది. ఆమె దాని కిందే పెద్ద అక్షరాలతో రాసింది: "బొగ్గు కలిపింది నేను. వద్దన్నా కలపమన్నది ఈ ఇంజనీరు." సంతకం పెట్టి ఆయన బల్ల మీదే విసిరికొట్టింది.

ఉద్యోగం ఉంది. ఇంజనీరూ ఉన్నాడు. ఎదురుపడి "బాగున్నావా" అని అడిగితే ఆమె ఇప్పటికీ నోరు మెదపదు.