ఉతికి ఆరేసిన చీర

నిన్న పొద్దున నాగలమడిక నుంచి ఒకామె, నేను సంఘం అక్కనని ఎవరో చెబితే, నాకు ఫోను చేసింది. కూతురి మీద ఎవడో అఘాయిత్యం చేశాడట. ఏడుస్తూనే, "ముందు నీళ్లు పోసినాంలేక్కా, గుడ్డలు గూడా ఉతికేసినాం" అంది. 

తొంభైల్లో, మా కర్ణాటక అంచు పల్లెల్లో వానలు లేని రోజులవి. ఒక్క మబ్బు కనిపిస్తే చాలు, మా అత్త విత్తనానికని శెనక్కాయల మూటలు విప్పించేది. పడసాలలో పదిమంది ఆడకూలీలు కూర్చుని కాయలు ఒలిచేవాళ్లు. గింజలు నోట్లో వేసుకోకుండా వాళ్ల చేత పాటలు పాడించేది మా అత్త. పాడుతూనే నమిలే విద్య వాళ్లకు బాగా వచ్చని ఆమెకు చివరిదాకా తెలియలేదు. అందరిలోకీ బాగా పాడేది, మొగుడు పోయిన ఒకామె. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. అప్పుడే పెట్టిన ఆడవాళ్ల సంఘంలో నేను అక్షరాలు నేర్పుతుంటే, అందరికంటే ముందు సంతకం నేర్చుకున్నది కూడా ఆమే.

ఒక మధ్యాహ్నం ఆమె మా దొడ్డివాకిట్లో వచ్చి నిలబడింది. రవిక చినిగి ఉంది, చీరంతా ఎర్రమన్ను. "పొట్టు కొట్టంలో... మీ మరిది..." అని కూలబడిపోయింది. మా ఇళ్లల్లో చావుకైనా పురుడుకైనా ముందు నీళ్లే. నాకూ అంతకంటే తెలీదు. తలకు పోసి, నా చీర కట్టించి, ఆమె చీర సబ్బు పెట్టి ఉతికి ఆరేశాను. ఆ కరువు ఎండకు గంటలో ఆరిపోయింది. సాయంత్రం సంఘం ఆడవాళ్లమంతా బస్సెక్కి పావగడ స్టేషనుకు పోయాం. నా మరిది మీద నేనే ఫిర్యాదు రాశాను.

ఇన్‌స్పెక్టరు అంతా విని, ఆ బట్టలేవీ అని కన్నడంలో అడిగాడు. ఆమెకు తిరిగి ఇద్దామని మడతపెట్టి తెచ్చిన చీర సంచిలోంచి తీసిచ్చాను, పిచ్చిదాన్ని. ఆయన విప్పి చూసి, మళ్లీ మడిచి నా చేతికే ఇచ్చాడు.

సాక్ష్యం లేక కేసు నిలవలేదు. "పెద్దింటి కోడలు శానా తెలివైందప్పా, ఇంటి పరువును సబ్బేసి కాపాడుకునింది" అని ఊరంతా అన్నారు. ఊరు ఏమన్నా పడ్డాను. ఆమె మాత్రం బెంగళూరికి కూలికి పోయే రోజు, నా చీర ఉతికి తెచ్చి నా చేతిలో పెట్టి, "కావాలనే ఉతికినావా అక్కా?" అని అడిగింది. లేదని ఒట్టు పెట్టాను. ఆమె బస్సెక్కింది. మళ్లీ కనిపించలేదు.

అప్పటినుంచి తిరుమణి, క్యాతగానచెర్లు, కాయలు ఒలిచే పడసాల ఎక్కడుంటే అక్కడికల్లా పోయి చెప్పాను. నీళ్లు పోయొద్దు, గుడ్డలు ఉతకొద్దు, ముందు ఆసుపత్రికి తీసుకుపోండి అని. ఇప్పుడా చేలల్లో సోలారు పలకలున్నాయి. కాయలూ లేవు, పాటలూ లేవు.

ఆ గుడ్డలే తీసుకుని, పిల్లతో ఆసుపత్రికి రమ్మని ఫోనులో ఆ తల్లికి చెప్పి నేనూ బయల్దేరాను. ముప్పయ్యేళ్లుగా నేను చెబుతున్న మాట నాగలమడికదాకా పోనేలేదు. నేను చేసిన తప్పు మాత్రం నాకంటే ముందే పోయి అక్కడ కూర్చుంది.