అమ్మ నోట పలకని పేరు

అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ ఒకటుంది, మార్మన్లు అంటారు; నాకు వాళ్ళ మీద ఆసక్తి కలగడానికి కారణం దేవుడు కాదు, నీళ్ళు. అనంతపురంలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నేను, అమెరికాలో వానలు సరిగా పడని చోట ఒక ఉప్పు సరస్సు పక్కన దిగి, అందరూ కలిసి కాలువలు తవ్వుకుని పంటలు పండించిన జనం గురించి చదివి కుళ్ళుకున్నాను. బత్తలపల్లె పక్కన మా ఊళ్ళో ఒక్క బోరు కోసం అన్నదమ్ములు మాటలు మానేయడం కళ్ళారా చూసినదాన్ని మరి. ఆ కాలువల వెంట పోతూ పోతూ వాళ్ళ నమ్మకాల దాకా పోయాను.

వాళ్ళ మీద రాసిన పండితుల్లో నాకు రెండు రకాలవాళ్ళు కనిపించారు. ఆ మతంలోనే పుట్టి లోపలినుంచి చూసేవాళ్ళు కొందరు. బయట నిలబడి, అదంతా ఆనాటి అమెరికా వలసల కథగా చూసేవాళ్ళు ఇంకొందరు. ఆ మతం మొదలుపెట్టినాయన చూశానన్నది ఒకరికి దైవదర్శనం, ఇంకొకరికి సాక్ష్యం దొరకని మాట. ఇద్దరినీ చదివాక నేనొక నియమం పెట్టుకున్నాను. నమ్మక్కర్లేదు, నవ్వనూ కూడదు. క్లాసులో పిల్లలకు ఈ నియమం గొప్పగా చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం దాన్ని నేనే తప్పాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ చాట ముందేసుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. నాయన పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటుంది. ఊసుపోక నేను చదువుతున్నది చెప్పాను. బాప్టిస్మం తీసుకోకుండా చనిపోయిన తాతముత్తాతల కోసం, బతికున్నవాళ్ళు వాళ్ళ పేరున నీళ్ళలో మునుగుతారని. అందుకోసమే ఊరూరి రికార్డులు వెతికి చనిపోయినవాళ్ళ పేర్లు పోగుచేస్తారని. ఆ రికార్డులు పాడుకాకుండా రాతికొండను తొలిచి గదులు కట్టి దాచారని. చెబుతూ చెబుతూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఒలిచే చేతులు ఆగిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అమ్మను కన్నతల్లి, నేను చూడని అవ్వ, బాప్టిస్మం లేకుండానే పోయింది. వాళ్ళది నల్లమాడ దిక్కు. అమ్మకు మా నాయన సంబంధం కుదిరినప్పుడు, నాయనవాళ్ళది క్రైస్తవుల ఇల్లు కాబట్టి పెళ్ళికి ముందే అమ్మకు బాప్టిస్మం ఇచ్చారు. కరువు సంవత్సరం. బావిలో మోకాటి లోతు నీళ్ళే ఉంటే, కూర్చోబెట్టి వెనక్కు వాల్చి ముంచారట. అవ్వ ఆ బావి గట్టు మీద నిలబడి అంతా చూసింది గానీ తను దిగలేదు. మరుసటి ఏడే జ్వరంతో పోయింది. పరలోకంలో మా యమ్మ కనిపిస్తుందా అని అమ్మ ఎందరో పాస్టర్లను అడిగింది. ఒకాయన లేదన్నాడు. మిగిలినవాళ్ళు ప్రార్థన చేసుకోమన్నారు. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటింది. ఆ ప్రశ్న ఆమెకు రోజు రోజుకూ దగ్గరవుతోంది.

"సచ్చిపోయినోళ్ళు మాకొద్దు అంటే?" అని అడిగింది అమ్మ.

ఆ మతం ప్రకారం ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం చనిపోయినవాళ్ళ ఇష్టమేనని చెప్పాను. బతికున్నవాళ్ళు తలుపు తీసి పెడతారు, అంతే. మరి మా యమ్మకు చేయిస్తావా అంది అమ్మ. అది వాళ్ళ మతంలో చేరినవాళ్ళు వాళ్ళ గుడుల్లోనే చేసేదనీ, మన చర్చీలు ఒప్పుకోవనీ, బైబిల్లో ఒకే వాక్యాన్ని వీళ్ళొక రకంగా వాళ్ళొక రకంగా చదువుతారనీ పెద్ద పాఠమే చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"అయినా పేరు లేకుంటే వాళ్ళు గూడా ఏం చేయలేరమ్మా. అవ్వ పేరు నువ్వే మర్చిపోతివి గదా" అన్నాను.

చిన్నప్పటినుంచీ అవ్వ పేరేమిటని ఎన్నిసార్లు అడిగినా, అవ్వంటే అవ్వే అని మాట దాటేసేది. మర్చిపోయింది పాపం అనుకున్నాను. అమ్మ చాట పక్కన పెట్టి, నా వైపు చూడకుండా లేచి లోపలికి పోయింది. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"మర్చిపోలేదు పాపా. మీ జేజిది, మా యమ్మది ఒకటే పేరు. అత్త పేరు కోడలు నోటితో అనగూడదు. మీ జేజి పేరే నీకూ పెట్టినారు."

జేజి, అంటే నాయనను కన్న తల్లి, పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా అమ్మ ఆ కట్టుబాటు వదల్లేదు. నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు, పాపా అనే పిలిచింది. బడిలో చేర్చిన రోజు అయ్యవారు పేరడిగితే, నన్ను ముందుకు తోసి నువ్వే చెప్పు అన్నది. అది ఆమె సిగ్గు అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎక్కడో ఉన్నవాళ్ళ ఆచారాన్ని అంత మర్యాదగా చదివినదాన్ని, నా ఇంట్లోని ఆచారాన్ని చూడలేదు. నా మీద నాకే చీదర పుట్టింది.

అమ్మ ముఖం కడుక్కుని వచ్చి, తలమీద కొంగు వేసుకుని చాప మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తర్వాత మెల్లగా, స్పష్టంగా ఆ పేరు పెట్టి పిలిచింది.

"ఏమ్మా" అన్నాను నేను, నాకు తెలియకుండానే.

అమ్మ కళ్ళు తెరవలేదు. "నిన్ను గాదు, మా యమ్మను" అంది. ఆ పేరే మళ్ళీ పిలిచి, నీళ్ళలోకి వస్తావా అని అడిగింది. నేను ఈసారి పలకలేదు. కాసేపటికి కొంగు దించుకుని, చాట దగ్గరికి లాక్కుంది.

"వస్తే వస్తాది, లేకుంటే లేదు. మా యమ్మది మొండితనం" అంది అమ్మ. "ఆ పొద్దు గట్టు మీద నిలబడుకోనుంటే, నువ్వూ రామ్మా అని నేను అడగనే లేదు. ఇప్పుడడిగినా."