సుద్ద చాలు

టైలరు కొట్టు వాళ్ళ అన్నయ్యదే అయినా వీధి మొత్తం దాన్ని మాస్టరక్క కొట్టనే పిలిచేది. గుడ్డ కత్తిరించే కటింగ్ మాస్టరు ఆవిడే మరి. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే చొక్కా కొలత కంటికి తెలిసిపోయేది. టేపు పట్టడం ఉత్త మర్యాదకి.

ఆవిడకున్న చిన్ననాటి మూర్ఛ నడివయసులో ముదిరితే డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. ఫిట్స్ ఆగాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడకు మాత్రం తలలో తడి దుప్పటి పరిచినట్టుండేది. సుద్ద చేతిలో పట్టుకునే దాని పేరు కోసం తడుముకునేది. ఊరికే ఏడుపొచ్చేది, ఆ వెనకే కోపం. నీతో మాట్లాడాలంటే హెల్మెట్ పెట్టుకోవాలని వదిన నవ్వేసేది.

ఒకరోజు చేతి అచ్చు కాగితం తిరగేయడం మరిచి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. అన్నయ్య కత్తెర సొరుగులో పెట్టి తాళమేసి, గుండీల డబ్బా ఆవిడ ముందుకు జరిపాడు. తిట్టినా బాగుండేది.

మాత్ర మానేద్దామా అనిపించింది. మానలేదు, నేరుగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళింది.

"ఫిట్స్ ఆగాయి డాక్టరమ్మా. వాటితోపాటు నేనూ ఆగిపోయాను. ఇదంతా నా బుద్ధేనని ఇంట్లో అంటున్నారు. మీరూ అంటారా?"

డాక్టరమ్మ అనలేదు. మాట తట్టకపోవడం, దిగులు, చిరాకు ఆ మాత్రవల్ల రావచ్చనీ, జబ్బువల్లా రావచ్చనీ, మందు మెల్లగా మార్చి చూద్దామనీ చెప్పింది. సొంతంగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందంది. మార్చేటప్పుడు ఫిట్స్ తిరగబెట్టొచ్చు గనక కొన్నాళ్ళు కత్తెర ముట్టొద్దంది.

తిన్నగా కొట్టుకొచ్చి బల్ల మీద గుడ్డ పరిచింది. అన్నయ్య సొరుగుకి అడ్డం నిలబడ్డాడు.

"కత్తెర ఇవ్వను."

"నీ దగ్గరే ఉంచుకో అన్నయ్యా. నాకు సుద్ద చాలు. నేను గీస్తా, వదిన కత్తిరిస్తుంది."

"మళ్ళీ తప్పు గీస్తే?"

"చెరిపి గీస్తా. ఇన్నేళ్ళుగా నువ్వు కాలర్లు వంకరగా కుడుతున్నావు. నిన్నెవరైనా మిషన్ మీంచి లేపారా?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తాళంచెవి కోసం మొగుడి ముందు చెయ్యి చాపింది.

మార్చిన మాత్రతో తలలో దుప్పటి కొంత తొలగింది, పూర్తిగా కాదు. ఇప్పుడు కంటిని నమ్మకుండా ప్రతివాళ్ళకీ టేపు పెడుతుంది, ఆలస్యమవుతుంది. మొన్న ఒకాయన విసుక్కుని, మాస్టరక్కకి ఏమిటి జబ్బని వదినను గొంతు తగ్గించి అడిగాడు.

"మూర్ఛ," అంది మాస్టరక్క కొట్టంతా వినబడేలా. "అంటుకోదు. నిటారుగా నిలబడండి, భుజం కొలవాలి."