గుర్రం పడే చోట

కెనడాలోని ఒషావాలో నేను పనిచేసే కేర్ హోమ్‌లో ప్రతి బుధవారం మధ్యాహ్నం సినిమా వేస్తారు. భోజనాలు అయ్యాక పెద్దవాళ్ల వీల్‌చెయిర్లన్నీ హాల్లోకి తోసుకువెళ్లడం మా పని. సినిమా నడిచినంతసేపు మేం కూర్చోకూడదు గానీ, గోడకు ఆనుకుని నిలబడవచ్చు. యాభైకి దగ్గరపడిన నా మోకాళ్లకు అదే పదివేలు.

ఖమ్మంలో పద్నాలుగేళ్లు హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పాను. ఇక్కడికొచ్చాక ఆ సర్టిఫికెట్లు ఎక్కడా పనికిరాలేదు. ఆరునెలల కోర్సు చేసి పర్సనల్ సపోర్ట్ వర్కర్‌నయ్యాను. స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం, అన్నం తినిపించడం. ఇందులో చిన్నతనం ఉందని నేననుకోను. అలసట మాత్రం ఉంది. పొద్దున లేచేసరికే నిన్నటిది ఇంకా ఒంట్లో మిగిలి ఉంటుంది.

ఆ శీతాకాలం తరచుగా వేసిన సినిమా ఒకటుంది. పాత ఇంగ్లిష్ సినిమా. మన దేశంలో ఎక్కడో కొండల నడుమ ఒక కోట, లోపల గుప్పెడుమంది ఎర్రకోటు సోల్జర్లు, బయట వేలాదిగా తలపాగాల వాళ్లు. దొరలలో ఒక్కడు చనిపోతే అందరూ టోపీలు తీసి నిలబడతారు. తలపాగాల వాళ్లు ఒక్కో తుపాకీ మోతకి పదిమంది చొప్పున రాలిపోతారు. వాళ్ల నాయకుడు కూడా ఇంగ్లిష్ నటుడే. ముఖానికి గోధుమరంగు పూశారు గానీ మెడ వెనక పూయడం మరిచిపోయారు. ఇదే చరిత్రను నేను పిల్లలకు వేరే వైపు నుంచి చెప్పాను. చూస్తుంటే కోపం రావాలి. కోపం రావడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆ సినిమా డిస్క్ మా హోమ్‌లో ఉండే రెసిడెంట్ ఒకాయనది. ఎనభై ఎనిమిదేళ్లు. ఇంగ్లండ్‌లో పుట్టి పాతికేళ్ల వయసులో ఇక్కడికొచ్చి, కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేశారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఆదివారాలు వస్తుంది. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్లయింది. కొన్నిరోజులు అన్నీ గుర్తుంటాయి, కొన్నిరోజులు చెంచా ఎలా పట్టుకోవాలో తెలియదు.

ఒక బుధవారం గుర్రాల దండు కోట మీదికి దూసుకొచ్చే సీన్ నడుస్తుండగా ఆయన చెయ్యెత్తారు. బాత్రూమ్ కోసమేమో అని వెళ్లి వంగాను.

"ఆ తెల్లగుర్రం చూడు" అన్నారు.

చూశాను. తెల్లగుర్రం ముందుకాళ్లు మడిచి కుప్పకూలింది. మీదున్న తలపాగా మనిషి దాని కిందికి పోయాడు. రెండు క్షణాల్లో ఆ బొమ్మ మారిపోయింది.

"అతను నటించడం లేదు" అన్నారాయన.

తర్వాత చాలారోజులు, పొద్దున ఒళ్లు తుడిచేటప్పుడు కొంచెం, గడ్డం గీసేటప్పుడు కొంచెం, ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఇరవయ్యేళ్లప్పుడు ఆయన ఆ సినిమాకి పనిచేశారట. వాళ్ల నాన్న గుర్రాలు సాకేవాడు కాబట్టి, గుర్రాల సంగతి తెలుసని తీసుకున్నారు. మన దేశంలో ఎడారి వైపు ఎక్కడో షూటింగ్. తలపాగాల వాళ్లుగా చేసింది చుట్టుపక్కల పల్లెల మనుషులు. ఆ గుర్రం కింద పడినవాడు వాళ్లలో ఒకడు.

"తర్వాత ఏమయ్యాడు?" అని అడిగాను.

"కాలు విరిగింది. ఒంటెబండి మీద తీసుకెళ్లారు. మర్నాడు అతని తలపాగా ఇంకొకడు కట్టుకున్నాడు."

అంతలో ఒక చిక్కొచ్చింది. ఇంకో రెసిడెంట్ మనవరాలు ఒక బుధవారం వచ్చి ఆ సినిమా చూసి, ఇలాంటివి వేయడం అవమానకరమని మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టింది. నన్ను ఆఫీసుకి పిలిచారు. మేనేజరు, సినిమాలు వేసే ఆవిడ కూర్చుని ఉన్నారు.

"మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యం" అంది మేనేజరు.

ఏడేళ్లలో నా అభిప్రాయం ఎవరైనా అడగడం అదే మొదలు. బయట ఇంకా ముగ్గురికి స్నానాలు మిగిలి ఉన్నాయి. నా మనసంతా అటే ఉంది.

"ఆ సినిమా నాకు నచ్చదు. హాల్లో వేయకండి. ఆయన్ని మాత్రం తన గదిలో చూసుకోనివ్వండి" అన్నాను.

సరేనన్నారు. గదిలో పెట్టే పని నాకే తగిలింది. ప్రతి బుధవారం మూడింటికి డ్యూటీ దిగేముందు ఆయన టీవీలో డిస్క్ వేసి, సరిగ్గా ఆ గుర్రాల దగ్గరికి జరిపేదాన్ని. ఆయనకు మిగతా సినిమా అక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు అది చూశాక ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ రోజు మాట స్పష్టంగా ఉంది.

"గుర్రం దానంతట అది పడలేదు. కాళ్లకు సన్నటి తాడు కట్టాం. రెండో కొన నా చేతిలో ఉంది. సైగ చేయగానే లాగాను."

నేను టీవీ ఆపేశాను.

"అతనికి చెప్పలేదు. తెలిస్తే ముందే భయపడతాడు, ఆ భయం కెమెరాకి కనపడుతుంది, చెప్పొద్దన్నారు. నేను చెప్పి ఉండొచ్చు. పొద్దున అతనికి కళ్లెం అందించింది నేనే. నవ్వాడు కూడా. గుర్రం కాలు కూడా విరిగింది. సాయంత్రం దాన్ని కాల్చేశారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. గుర్రం కోసం. అతని కోసం ఏడవలేదు. గుర్రం పేరు ఇప్పటికీ గుర్తుంది. అతని పేరేంటని అడగను కూడా లేదు."

ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల వైపు కారుతున్నాయి. నేను టవల్ తీసుకుని తుడిచాను.

"నువ్వు ఆ దేశం దానివే కదా. క్షమించానని ఒక్క మాట అను" అన్నారు.

ఆ ఎడారి ఎక్కడ, మా ఖమ్మం ఎక్కడ. ఆ మనిషి ఏ భాష మాట్లాడేవాడో కూడా నాకు తెలియదు. క్లాసులో గవర్నర్ జనరళ్ల పేర్లు, వాళ్ల చట్టాలు వరుసగా చెప్పించేదాన్ని. తాడు లాగిన ఇరవయ్యేళ్ల కుర్రాడి గురించి ఏ పాఠంలోనూ లేదు. ఆయన మీద జాలి కలిగింది. ఆ మనిషి కాలు తలుచుకుంటే జాలి ఆగిపోయింది. రెండూ ఒకేసారి మోయాలంటే ఆ పూట నావల్ల కాలేదు.

"ఆ మాట నేను అనకూడదండి. అది అతను అనాల్సిన మాట" అన్నాను.

ఆయన చెయ్యి వదిలేశారు. డైపర్ మార్చే టైమయింది. తోటి వర్కర్‌ని పిలిచి ఇద్దరం కలిసి ఆయన్ని పక్కకు తిప్పాం, తుడిచాం, పొడి బట్టలు వేశాం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఇంటికెళ్లేసరికి మా ఆయన వేర్‌హౌస్ డ్యూటీకి బయలుదేరడానికి బూట్లు వేసుకుంటున్నారు. నిలబడే చెప్పాను.

"అనేస్తే ఏం పోయేది? ముసలాయన. ఒక్క మాటే కదా" అన్నారు.

"పోయేదేం లేదు. కానీ ఆ విరిగిన కాలు నాది కాదు కదండి."

ఆయన లేసు కట్టుకోవడం ఆపి నా వైపు చూశారు. "అదీ నిజమేలే. పప్పు మైక్రోవేవ్‌లో ఉంది, వేడి చేసుకొని తిను. మొహం చూస్తే పీక్కుపోయింది" అని వెళ్లిపోయారు.

ఆ వారమంతా ఆలోచించాను. క్షమించడం నా చేతిలో లేకపోయినా, ఇంకోసారి నెమ్మదిగా వినొచ్చు, మీ అమ్మాయికి చెప్పండి అనొచ్చు అనుకున్నాను. బుధవారం డిస్క్ వేశాను. తెల్లగుర్రం పడింది. ఆయన చెయ్యెత్తలేదు.

"ఇతనే కదూ?" అన్నాను.

"ఎవరు?" అన్నారు. టీవీ వంక చూసి నవ్వారు. "బాగా పడ్డాడు కదా."

మరో రెండు వారాలు చూశాను. లేదు. ఆ జ్ఞాపకం ఆయన్ని పూర్తిగా వదిలేసింది. ఆయనకు అది విడుదలే కావచ్చు. ఆయన నోటి నుంచి ఆ సంగతి విన్నదాన్ని ఇక నేనొక్కతినే.

ఒక ఆదివారం షిఫ్ట్ స్వాప్ చేసుకుని వెళ్లి ఆయన కూతురికి చెప్పాను. అరవయ్యేళ్ల మనిషి. ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని మధ్యలో అడ్డురాకుండా వింది. ఆయన నిద్రపోతున్నారు.

"నాన్న అక్కడ పనిచేశారని తెలుసు. ఇది తెలియదు" అంది. "ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో ఆ సినిమా చూసేవాళ్లం. ఆ గుర్రం పడితే నేను చప్పట్లు కొట్టేదాన్ని. సరిగ్గా ఆ టైముకి నాన్న లేచి టీ పెడతానని వంటింట్లోకి పోయేవారు. ప్రతిసారీ."

ఆమె తండ్రి చెయ్యి తీసుకుని అరచేయి తిప్పి చూసింది. "క్షమించమంటే మీరేమన్నారు?" అని అడిగింది.

చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. తల ఊపింది.

"అయితే అతను ఎవరో కనుక్కోవాలి" అంది.

అరవై ఏళ్లు దాటిపోయింది, ఊరు తెలియదు, పేరు తెలియదు, ఎలా కనుక్కుంటారని అడిగాను. ఎవరికైనా రాస్తానంది. ఆ సినిమా గురించి తెలిసినవాళ్లకి, ఆ ప్రాంతంలో పాత సంగతులు సేకరించేవాళ్లకి. ఆ వైపు ఏ భాషలు మాట్లాడతారో, పల్లెలో ఎవరిని అడగాలో నాకు తోచింది చెప్పాను. ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది.

నాలుగు నెలలయింది. ఇద్దరు జవాబిచ్చారట, తెలియదని. ఆయన ఇప్పుడు కూతుర్ని కూడా గుర్తుపట్టడం లేదు. ఆమె మాత్రం ఉత్తరాలు మానలేదు. పోయిన ఆదివారం ఒక ఉత్తరం చదివి వినిపించి, తప్పులేమైనా ఉన్నాయా అని అడిగింది. నాకు నిద్ర ముంచుకొస్తోంది. అయినా కూర్చుని, ఆ పల్లెవాళ్లను 'ఎక్‌స్ట్రాలు' అని రాసినచోట 'మనుషులు' అని మార్చమన్నాను. మార్చింది.