మాస్కుతో పెట్టిన ఫొటో

నిరుడు వేసవి. నెల్లూరులో మహిళల సహాయ కేంద్రంలో నేను కౌన్సెలర్‌ని. లైంగిక హింసకు గురైనవాళ్ళు తమకు జరిగింది తామే బయటపెట్టడాన్ని మా వృత్తిలో డిస్‌క్లోజర్ అంటాం. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. సలహా నాలుక చివరిదాకా వచ్చినా మింగేయడమే మా ఉద్యోగం. నా నోరు కాస్త పెద్దది కాబట్టి నాకది కష్టమే.

పెంచలమ్మ అప్పుడే వచ్చింది. పేరు మార్చాను. కోట అనే ఊరి వైపు ఒక పీలింగ్ షెడ్డులో, అంటే రొయ్యల పొట్టు ఒలిచే చోట, పని. సూపర్‌వైజర్ ఆమె మీద అత్యాచారం చేశాడు. కేసు పెట్టింది. బెయిల్ మీద వచ్చినవాణ్ణి షెడ్డు గడప తొక్కొద్దని కోర్టు ఆదేశించింది గానీ, వాడి నోటికి తాళం వేయలేదు కదా! పనిలోంచి తీసేస్తానన్నందుకే నింద వేసిందని ప్రచారం చేయించాడు. తోటి ఆడవాళ్ళు ఆమెను పలకరించడం, షెడ్డుకు తీసుకెళ్ళే వ్యానులో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు.

“ఫేస్‌బుక్‌లో వీడియో పెడతానక్కా. నేను అబద్ధాలదాన్నో కాదో నా మొగం చూసి చెప్పమను” అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక వీడియో సంగతి చెప్పాలా? వద్దనబోయి ఆగాను. కేసుకు అడ్డం రాకుండా ఏమేం రాయకూడదో మా లాయరు ఆమెకు చెప్పింది. నేను అడిగింది ఒక్కటే.

“ఎవరికి తెలియాలని పెడుతున్నావమ్మా?”

“ఊరోళ్ళతో నాకేం పని? షెడ్డులో మా బ్యాచోళ్ళకి తెలియాల. నన్ను నమ్మంది వాళ్ళే గదా.”

మర్నాడు, పెట్టబోయే ఫొటో నాకు పంపింది. తలకు టోపీ, మూతికి మాస్కు, మధ్యలో కళ్ళు. ఫోన్ చేసి, “ముఖం దాచావు సరే, మరి నువ్వేనని మీవాళ్ళకి ఎలా తెలుస్తుంది?” అన్నాను.

నవ్వింది. ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

“షెడ్డులో ఎవురి మూతి ఎవురు చూసినారక్కా? పొద్దస్తమానం కళ్ళే గదా చూసుకునేది. మాస్కు తీస్తేనే గుర్తుపట్టరు!”

పనుల కబుర్ల కోసం షెడ్డువాళ్ళంతా చూసే స్థానిక ఫేస్‌బుక్ గ్రూపులో, పేరు లేని కొత్త అకౌంటు నుంచి పెట్టింది. కింద రాసింది ఇంతే: “నేను అబద్ధం చెప్పలా. నన్ను నమ్మేవాళ్ళు రేపు వ్యానులో నా పక్కన కూర్చోండి. ఏమీ చెప్పబళ్ళేదు.”

మరునాడు పొద్దున ఫోన్ మోగితే భయపడుతూనే ఎత్తాను. వెనక ఒకటే ఆడవాళ్ళ గోల.

“అక్కా, ఇద్దరు పట్టే సీట్లో నలుగురం ఇరుక్కోనుండాం! ఒకామె నా ఒళ్ళో కూర్చుంటానంటా ఉండాది!”

హమ్మయ్య అనుకున్నాను. సంతోషానికి కళ్ళు తడిశాయి. వాళ్ళలో ఎవరికి ఏం జరిగిందో ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. తర్వాత వాళ్ళలో ఒకామె తనంతట తానే వచ్చి, ఆ సూపర్‌వైజర్ తననూ వదల్లేదని పోలీసులకు వాఙ్మూలం ఇచ్చింది.

ఇప్పుడు ఎవరైనా “పోస్టు పెట్టమంటారా?” అని అడిగితే పెట్టమనీ అనను, వద్దనీ అనను. “నీ పక్కన ఎవరు కూర్చోవాలమ్మా?” అని అడుగుతాను.