పెద్దకొడుకు దిష్దాషాలు

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు నేను ఒక కువైటీ ఇంట్లో పని చేసేదాన్ని. ఇంటావిడను మామా అని పిలిచేదాన్ని. ఒక ఉదయం సైనికులు వచ్చి ఆమె పెద్దకొడుకును పట్టుకెళ్లారు. యుద్ధం ముగిసినా అతను తిరిగి రాలేదు.

ప్రతి ఏడాదీ రంజాన్ పండుగకు ముందు మామా అతని ఐదు దిష్దాషాలు, అంటే తెల్లటి నిలువు అంగీలు, నాచేత ఉతికించేది. నాకు కుట్టుపని వచ్చు. ఒక ఏడాది, "జైల్లో చిక్కిపోయి ఉంటాడు, కాస్త బిగించు" అంది. మరో ఏడాది, "వయసొచ్చింది కదా, వదులు చెయ్" అంది. చెప్పినట్టల్లా కుట్టాను. కడపలో పెరుగుతున్న నా కొడుక్కి నేనూ కొలతలు ఊహించుకునే చొక్కాలు కుట్టి పంపేదాన్ని.

పన్నెండేళ్లకు ఇరాక్ ఎడారిలో అతని ఎముకలు దొరికాయి. తెచ్చి కువైట్‌లో ఖననం చేశారు. ఆ ఏడాది అంగీల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. మామాయే పిలిచింది.

"ఖలాస్. నాలుగు ఎవరికైనా ఇచ్చెయ్. ఒకటి నాకుంచు."

"దాన్ని బిగించాల్నా మామా, వదులు చేయాల్నా?" అలవాటుగా అడిగేసి నాలుక కరుచుకున్నాను.

మామా నా చేయి పట్టుకుంది. "వాడు వెళ్లిన రోజు ఎలా ఉందో అలా చెయ్."

నేను పాత కుట్లు విప్పుతుంటే ఆమె పక్కనే కూర్చుని దారాలు ఏరింది.